ఇంటి సాళ్లు

మా నాయనమ్మ సుబ్బరావమ్మకు ఒక ఇత్తడి బకెట్టు ఉండేది. మిరప కోతలు మొదలయ్యే రోజు తెల్లారేసరికి దాన్ని నిండా నీళ్లతో చేని గట్టు మీద పెట్టించేది. పక్కనే గిన్నెలో కుంకుడు రసం. కోతకొచ్చిన ఆడవాళ్లంతా వరసగా వచ్చి మోచేతుల దాకా చేతులు కడుక్కోవాలి. ఆ తర్వాతే ఇంటి సాళ్లలో అడుగు పెట్టాలి.

ఇంటి సాళ్లంటే ఏమిటో మా సత్తెనపల్లి వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. మాకు ఆరెకరాల మిరప. అందులో బోరు పక్కనున్న నాలుగు సాళ్లు మా ఇంటి కారానికి, పచ్చళ్లకి. వాటికి పురుగుమందు కొట్టేవాళ్లు కాదు. ఆ నాలుగింటి మీదా పెత్తనం నాయనమ్మది. బూడిద చల్లించేది, వేపపిక్కలు దంచి నానబెట్టించి ఆ నీళ్లు చిలకరింపించేది, పురుగుల్ని చేత్తో ఏరించేది. మిగతా చేనంతా మా నాన్న అంకమ్మరావుది. వారానికోసారి మందు, ఆకుముడత తెగులు ఎక్కువైతే రెండుసార్లు. ఆ కాయలు గుంటూరు మిర్చి యార్డుకి పోయేవి. అక్కణ్నుంచి ఎవరి కంచంలోకి పోయేవో మాకు తెలీదు, మేం అడగలేదు.

ఇంటి సాళ్లు ముందు కోయించడానికి కారణం ఉంది. మందు కొట్టిన సాళ్లలో చెయ్యి పెట్టాక ఎంత రుద్దినా ఆ వాసన గోళ్లలోంచి పోదు. ఆ సంగతి నాయనమ్మకు తెలుసు, నాన్నకు తెలుసు, నాకు తెలుసు. ఈ తెలుసు అన్న మాట దగ్గరే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా చేలో కోసే ముఠాకి పెద్ద ఎలీసమ్మ. ఊరికి తూర్పున చర్చి పక్క పల్లె వాళ్లది. ఇరవై మంది ఆడవాళ్లు ఆమె వెంట నడిచేవాళ్లు. ఎలీసమ్మ ఒకరి చేలోకి వచ్చిందంటే ఆ రైతుకు ఆ ఏడు కోత బెంగ లేనట్టే. బొంగురు గొంతు, పొట్టి మనిషి, నవ్వితే చేనంతా వినపడేది. పంతొమ్మిదేళ్లు మా ఇంటి సాళ్లకు బూడిద చల్లిందీ, వేప నీళ్లు చిలకరించిందీ ఆమే. ఆమె భర్త ఆదాం మా ఆరెకరాలకీ మందు కొట్టేవాడు. కోతలన్నీ అయ్యాక రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయల్ని పల్లె వాళ్లకు ఇచ్చేవాళ్లం. ఊరికే ఇస్తున్నామని గొప్పగా కూడా చెప్పుకునేవాళ్లం. వాళ్లకు ఏడాది పొడుగునా కారం ఆ తాలుకాయలదే.

1999 జనవరిలో ఒక శనివారం. బడికి సెలవని ఎలీసమ్మ కూతురు మహిమ తల్లి వెంట చేలోకి వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల. మధ్యాహ్నం అందరూ గట్టు మీద క్యారేజీలు విప్పారు. మహిమ మజ్జిగన్నంలోకి కొరుక్కోవడానికని చెయ్యి చాపి ఇంటి సాల్లో ఒక పచ్చిమిరపకాయ తెంపింది. నాయనమ్మ చూసింది. గొంతు కూడా పెంచలేదు.

"అవి ఇంటికి పిల్లా. నువ్వు అటు సాళ్లలో కోసుకో."

అటు సాళ్లలో ముందురోజే మందు కొట్టారు. కొట్టింది ఆ పిల్ల తండ్రే. ఎలీసమ్మ లేచి కూతురి చేతిలోని కాయ తీసుకుని మా ఇంటి గంపలో వేసింది. క్యారేజీ మూత పెట్టేసింది. ఆ పూట తల్లీ కూతుళ్లు అన్నం తినలేదు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న నేను ఆ గట్టు మీదే కూర్చుని ఉన్నాను. నాకు ఆ రోజు ఏమీ అనిపించలేదు. అదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

సాయంత్రం ఎలీసమ్మ మా ఇంటికి వచ్చి అరుగు కింద నిలబడింది. మా చేని చివర మురుగుకాలవ పక్కన ముప్పై సెంట్ల చెక్క పడావు పడి ఉంది, కౌలుకివ్వమని నాన్నను అడిగింది. కౌలు కింద కోతల్లో తను, ఆదాం పది రోజులు కూలి లేకుండా పనిచేస్తామంది. ఏం వేస్తావని నాన్న అడిగాడు.

"మిరపండి. మందు లేకుండా. మా ఇంటికి."

నాన్న నవ్వాడు. ఆయన నవ్వులోనూ న్యాయం లేకపోలేదు. చుట్టూ ఆరెకరాలకి తను మందు కొట్టబట్టి ఆ నాలుగు సాళ్లు బతుకుతున్నాయన్నాడు. విడిగా ముప్పై సెంట్లు వేస్తే ముడత ఎక్కి మూడు నెలల్లో మొండి కర్రలు మిగులుతాయన్నాడు. ఎలీసమ్మ కదల్లేదు. చివరికి ఆయనే దిగివచ్చి ఒక షరతు పెట్టాడు. ఆమె చేలో ముడత తన చేని వైపు పాకితే ఆ చెక్క దున్నిపారేస్తాడు. ఆమె సరేనంది.

ఆ వేసవి అంతా ఎలీసమ్మ కొంగునిండా వేపపిక్కలే. చర్చి దగ్గర, రోడ్డు వెంట, బడి ఆవరణలో రాలిన పళ్లన్నీ ఏరి పిక్కలు ఎండబెట్టింది. పల్లెలో మరో నాలుగిళ్ల వాళ్లు కలిశారు. ఆదివారం ప్రార్థన అయ్యాక వచ్చి కలుపు తీస్తారు, పురుగులు ఏరతారు, పంటలో కారానికి సరిపడా కాయలు పట్టుకెళతారు. సెప్టెంబరులో మిరప నాటారు. చుట్టూ నాలుగు వరసలు జొన్న చల్లారు, మధ్యమధ్య బంతి పెట్టారు.

పంపుతో చల్లుదామంటే ఊళ్లో ఉన్న ప్రతి పంపూ మందు తాగిన పంపే. అందుకని ఎలీసమ్మ వేప నీళ్లను బకెట్లో పోసుకుని చీపురుకట్ట ముంచి చల్లేది. పొద్దున్నే కూలికి వెళ్లేముందు ఒక గంట, వచ్చాక ఒక గంట. దారిన పోయేవాళ్లకు అదొక వినోదం. ముగ్గు ఎప్పుడు వేస్తావమ్మా అని అడిగేవాళ్లు. కళ్లాపి ఎలీసమ్మ అని పేరు పెట్టేశారు. ఆమె కూడా నవ్వేది, చీపురు మాత్రం ఆపేది కాదు.

నవంబరు చివర్లో ముడత వచ్చింది. చిగురాకులు పైకి తిరిగి పడవల్లా ముడుచుకున్నాయి. ఎలీసమ్మ రోజు విడిచి రోజు వేప నీళ్లు చల్లింది, బాగా దెబ్బతిన్న మొక్కల్ని పీకి తగలబెట్టింది. ఆగలేదు. ఒక శుక్రవారం నాన్న గట్టు మీద నిలబడి చూశాడు. మా చేని వైపు రెండు సాళ్లకు కూడా అంటుకుంది. సోమవారం పొద్దున ట్రాక్టరు తోలిస్తానని చెప్పి వచ్చేశాడు.

ఆ ఆదివారం సత్తెనపల్లిలో చర్చి స్త్రీల కూడిక ఉంటే ఎలీసమ్మ వెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఇంటి ముందు దడి మీద ఆదాం మందు కొట్టే చొక్కా తడిగా ఆరేసి ఉంది. ఆదివారం ఎవరూ మందు కూలికి పిలవరు. ఆమె ఆ చొక్కా చూసింది, పొయ్యి అంటించుకోవడానికి లోపలికి వెళ్లిపోయింది. ఇదంతా చాలా ఏళ్ల తర్వాత ఆమే నాకు చెప్పింది. చూశాను, అడగలేదు అంది.

సోమవారం నాన్న ట్రాక్టరుతోనే వెళ్లాడు. గట్టు ఎక్కగానే ముక్కుకు వాసన తగిలింది. ట్రాక్టరు వెనక్కి తిప్పించాడు. ఇంటికొచ్చి భోజనం చేస్తూ, మొత్తానికి దారికొచ్చారులే అన్నాడు. అంటే ఆయనకీ తెలుసు.

పది రోజుల్లో కొత్త చిగుళ్లు నిటారుగా లేచాయి. నెల తిరిగేసరికి ఆ ముప్పై సెంట్లు ఊళ్లో చూడదగ్గ చేను అయింది. ఎలీసమ్మ వేప నీళ్లు గెలిచాయని పల్లె అంతా చెప్పుకుంది. పొదిలి నుంచి ఆమె తమ్ముడు జయరావు చూసిపోవడానికి వచ్చాడు. ఎవరు పొగిడినా ఆమె అవునని అనలేదు, కాదని కూడా అనలేదు.

ఫిబ్రవరి మొదటి ఆదివారం వాళ్ల చర్చిలో కోతపండుగ. ఎవరి చేలో పండింది వాళ్లు మొదటి కోత తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. దానికి ముందురోజు ఎలీసమ్మ తొలి కోత కాయలు వాకిట్లో చాప మీద ఎండబోసింది. నిగనిగలాడే ఎర్రటి కాయలు. చెట్ల నుంచి తెచ్చిన పచ్చివి కొన్ని పక్కన తట్టలో ఉన్నాయి. మధ్యాహ్నం మహిమ అన్నం పళ్లెంతో గడప మీద కూర్చుని తట్టలోంచి ఒక పచ్చికాయ తీసుకుంది. సొంత చేను, సొంత కాయ. నోటి దాకా వెళ్లేసరికి ఆదాం ఎదురుగా వచ్చి ఆ చెయ్యి పట్టుకుని కాయ లాగి పారేశాడు. ఏం చేస్తున్నాడో తెలిసేలోపే చేసేశాడు. ముగ్గురూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఇక అడగకుండా ఉండడానికి ఎలీసమ్మకు దారి లేకపోయింది.

అతను దాచలేదు. చేను పోతుందని భయపడ్డానని, రైతు కొట్టంలో మిగిలిన మందు తెచ్చి ఒక్కసారే కొట్టానని చెప్పాడు. రెండు నెలలయింది, కడిగితే పోతుంది, ఎవరికీ తెలీదు అన్నాడు. మరి పిల్లదాని చేతిలోంచి ఎందుకు లాగావని ఆమె అడిగింది. 

మర్నాడు నాన్న, నేను కోతపండుగకు వెళ్లాం. ఊరి పెద్దల్ని పిలిచి ముందువరసలో కుర్చీలు వేయడం, వాళ్లు నాలుగు వస్తువులు పాడి కొనడం అక్కడ మామూలు. గుమ్మడికాయలు అయ్యాయి, కందులు అయ్యాయి, ఒక కోడిపెట్ట అయింది. బడిపంతులు ప్రసన్నకుమార్ మాస్టారు వేలం పాడుతున్నారు. ఎలీసమ్మ గంప రాగానే ఆయన గొంతు పెరిగింది. ఇది మామూలు మిరప కాదు, మన సంఘస్తురాలు ఒక్క చుక్క మందు లేకుండా పండించిన పంట అన్నారు. నాన్న పాట మొదలుపెట్టడానికి చెయ్యెత్తాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఎలీసమ్మ లేచింది.

"ఆగండి మాస్టారూ. ఈ కాయలకి మందు పడింది."

ఆమె గొంతు అంత చిన్నగా రావడం నేను అంతకుముందు వినలేదు. డిసెంబరులో ఒక ఆదివారం పడిందని, తనకి అప్పుడే అనుమానం వచ్చిందని, చెట్టు బాగుపడింది గదా అని నోరు మూసుకున్నానని చెప్పింది.

"లేదని చెప్పి దేవుడి ముందర పెట్టలేను. నాతోపాటు చాకిరీ చేసిన నాలుగిళ్ల వాళ్ల కంచాల్లోనూ పెట్టలేను. తెలిసి తినేవాళ్లు తినొచ్చు."

మగవాళ్ల వైపు నుంచి ఆదాం లేచి కొట్టింది నేనేనని చెప్పి కూర్చున్నాడు.  నాన్న ఎత్తిన చెయ్యి నెమ్మదిగా దించుకున్నాడు.  ఏటా మేం బస్తాలకు బస్తాలు యార్డుకి పంపాం. కొన్నవాడికి గానీ తిన్నవాడికి గానీ ఆ ఒక్క మాట చెప్పిన పాపాన పోలేదు. ముప్పై సెంట్ల మనిషి ఒక్క గంప మీద ఆ మాట అందరిముందూ చెప్పింది. ఆ రోజు నాకు మా ఇత్తడి బకెట్టు తలుచుకుంటే సిగ్గేసింది.

నాలుగిళ్ల వాళ్లలో ఇద్దరు ఆమెను వాకిట్లోకొచ్చి తిట్టారు. ఏడాది కష్టం పోయిందన్నారు. ఇన్నాళ్లూ తిన్నది మందు కాయలే గదా, ఇదీ అంతేనని మిగతా ఇద్దరూ తమ వాటా పట్టుకుపోయారు. ఎలీసమ్మ తన వాటా యార్డుకి పోయే మా బస్తాల్లో కలిపేసింది. మా తాలుకాయలు కూడా వద్దంది. ఆ ఏడాది వాళ్లింట్లో కారం లేదు. పులుసులో నాలుగు మిరియాలు, లేకపోతే అల్లం ముక్క. స్నానాల నీళ్లు పారే చోట రెండు మిరప మొక్కలు ఉండేవి. గిడసబారి, వంకర కాయలు కాసేవి. వాటికి మాత్రం ఏ మందూ తగల్లేదు. ఆ కాయల్ని ఒక్కటీ తినకుండా విత్తనానికి దాచింది.

జూన్‌లో మళ్లీ మా అరుగు కింద నిలబడింది. నాన్న ఈసారి నవ్వలేదు. ఆ చెక్క ఇవ్వను పొమ్మన్నాడు. చర్చిలో తన చెయ్యి దించుకోవాల్సి రావడం ఆయన మర్చిపోలేదు. ఎలీసమ్మ కొంగు సర్దుకుంది.

"మంచిదండి. పొదిలి వైపు రైతులు మా ముఠాని రమ్మంటున్నారు. ఈ ఏడు కోతలకి అటు పోతాం."

"బెదిరిస్తున్నావా?"

"లేదండి. ముందే చెబుతున్నా. తర్వాత మీరు వెతుక్కోకుండా."

జనవరిలో పండిన కాయ చెట్టు మీద ఉండి, కోసే చెయ్యి దొరక్కపోతే ఏమవుతుందో నాన్నకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు. లోపల బియ్యం ఏరుకుంటున్న నాయనమ్మ అక్కణ్నుంచే కేకేసింది.

"ఇచ్చెయ్యరా. ఏమే ఎలీసమ్మా, జొన్న మిరపతోపాటు వేస్తే ఏం లాభం? నెల ముందు వెయ్యి. మొక్క నాటేసరికి నడుమెత్తు ఉండాలి. అప్పుడు గదే పురుగుకి అడ్డం."

ఆ రోజు నాయనమ్మ ఆ మాట ఎందుకంది, పశ్చాత్తాపమా, పనితనం తెలిసినావిడకి తప్పు పని చూస్తే ఊరుకోబుద్ధి కాకపోవడమా, నేను ఎప్పుడూ తేల్చుకోలేకపోయాను. రెండోదే అయ్యుంటుంది. ఎలీసమ్మ మాత్రం తలూపి వెళ్లి, ఆగస్టు మొదట్లోనే జొన్న వేసింది.

ఆ ఏడు చేని గట్టు మీద ఆమె కూడా ఒక బకెట్టు పెట్టింది. ప్లాస్టిక్కుది, చెవి విరిగింది. మొదట అది ఆదాం కోసమే. అతను ఇంకా ఊళ్లో వాళ్లకు మందు కొడుతూనే ఉన్నాడు, అది మానితే ఇల్లు గడవదు. కానీ ఆ చేతుల్తో తన చేలోకి రావడానికి వీల్లేదు. స్నానం చేసి, చొక్కా మార్చి, గట్టు మీద మళ్లీ కుంకుడు రసంతో చేతులు కడుక్కుని, అప్పుడు చీపురుకట్ట పట్టుకోవాలి. ముడత ఈసారి కూడా వచ్చింది. జొన్న వైపు ఆగిపోయింది, జొన్న సరిగా ఎదగని మురుగుకాలవ వైపు నుంచి లోపలికొచ్చి మూడోవంతు మొక్కల్ని తినేసింది. ఇద్దరూ పొద్దునా సాయంత్రమూ కళ్లాపి చల్లుతూనే ఉన్నారు. చివరికి రెండు బస్తాలు చేతికొచ్చాయి. పొట్టివి, కొన్ని వంకరవి, కొన్నింటికి మచ్చలు. తిట్టినవాళ్లతో సహా ఐదిళ్లలో ఆ కారమే ఏడాదంతా తిన్నారు.

తర్వాత ఆమె ఆగలేదు. ముప్పై సెంట్లు అరెకరం అయింది, అరెకరం ఎకరం అయింది. వంగ, బెండ, కంది కూడా వేసింది. ఆదాం మందు కూలి మానేసి తమ చేలోనే ఉండిపోయాడు. 2005లో మహిళా సంఘాల తరఫున ఎవరో జీపులో బొమ్మల చార్టులు తెచ్చి, మందులు లేని సేద్యం గురించి చెప్పారు. ఎలీసమ్మ వెనకవరసలో కూర్చుని విని, వేపపిక్కలు పాతబడితే పనిచేయవు, ఆ ముక్క మీ బొమ్మలో లేదు అని చెప్పి వచ్చింది.

మా ఇంటి సాళ్ల కథ మరోలా అయింది. చుట్టూ చేలల్లోకి ఇంజను పంపులొచ్చాయి. వాటి తుంపర గాలి ఎటుంటే అటు పోతుంది, నాలుగు సాళ్ల దగ్గర ఆగదు. ఎలీసమ్మ చేనికున్న జొన్న అడ్డం మా సాళ్లకు లేదు. నాయనమ్మకు మోకాళ్లు పట్టేసి చేలోకి వెళ్లడం మానేసింది. చూసేవాళ్లు లేక నాన్న ఆ సాళ్లను కూడా మిగతా చేలో కలిపేశాడు. కారం బయట కొనుక్కోవడం మొదలుపెట్టాం. ఆ కారం అన్నంలో కలుపుకున్న మొదటి రోజే నాయనమ్మ కంచం పక్కకి జరిపేసింది. వాసన అంది. ఆమెకు ఆ వాసన తెలుసు.

2007 జనవరిలో నేను చిలకలూరిపేట అత్తగారింటి నుంచి వెళ్లేసరికి ఆమె మజ్జిగన్నం తప్ప ఏమీ ముట్టడం లేదు. అందులోకి ఒక పచ్చిమిరపకాయ కావాలని, అదీ ఎలీసమ్మ చేలోది కావాలని పట్టుబట్టింది. పంపిస్తే తెస్తారు కదా అని నాన్న అన్నాడు. నేనే పోతానంది. తీసుకెళ్లడానికి ఆయనకు మొహం చెల్లక నన్ను పంపాడు. ఆటోలో ఎక్కించుకుని తీసుకెళ్లాను.

గట్టు దగ్గర చెవి విరిగిన ఆ బకెట్టే ఉంది. పక్కన కొబ్బరి చిప్పలో కుంకుడు రసం. అవతల తల్లితోపాటు మహిమ కాయలు కోస్తోంది. అప్పటికి పదహారేళ్ల పిల్ల, ఇంటర్ చదువుతోంది. మమ్మల్ని చూసి ఇద్దరూ వచ్చారు. మహిమ తల్లి వైపు ఒకసారి చూసింది. ఎలీసమ్మ బకెట్టు వైపు చెయ్యి చూపించింది.

"చేతులు కడుక్కోండమ్మగారూ. రోడ్డు వెంట అందరి చేలూ దాటి వచ్చారు."

 నాయనమ్మ బకెట్టు చూసింది, నీళ్లు ముంచిన పిల్లను చూసింది. ఆ పిల్ల ఎవరో గుర్తుపట్టింది, ఆ సంగతి ఆమె మొహంలోనే కనపడింది. గాజులు పైకి లాక్కుని రెండు చేతులూ చాపింది. మహిమ నీళ్లు పోసింది. నాయనమ్మ మోచేతుల దాకా రుద్దుకుంది, గోళ్ల సందులు కూడా. ఇంకొక్కసారి పొయ్యమ్మా అని రెండోసారి కడుక్కుంది. తర్వాత నా భుజం పట్టుకుని గట్టు దిగి, సాళ్ల మొదట్లో ఆగిపోయింది.

"ఏ సాల్లో కొయ్యమంటావే ఎలీసమ్మా?"

"మీ ఇష్టమండి," అంది ఎలీసమ్మ. "ఇక్కడ అన్నీ ఇంటి సాళ్లే."